జావా ల్యాబ్‌కి గిట్, ఆటోమేటిక్ టెస్టులు: 198 మందికి ఏ పద్ధతి నిలబడుతుంది?

మధురవాడ_జావా_ల్యాబ్:
మా కాలేజీలో రెండో సంవత్సరం, మూడు సెక్షన్లు, మొత్తం 198 మంది. వారానికో జావా ఎక్సర్‌సైజు, సెమిస్టర్ చివర నలుగురేసి జట్లుగా మినీ ప్రాజెక్టు. ప్రస్తుతం అన్నీ పెన్‌డ్రైవ్‌లోనో, వాట్సాప్‌లో జిప్ ఫైలుగానో వస్తున్నాయి. "ఫైనల్", "ఫైనల్2", "అసలు ఫైనల్" అని మూడు ఫోల్డర్లుంటే దేన్ని దిద్దాలి? గిట్‌కి (కోడులో ప్రతి మార్పునీ చరిత్రగా దాచే టూల్) మారి, దిద్దడంలో కొంత టెస్టులకి (విద్యార్థి కోడుని నడిపి సరిచూసే కోడు) అప్పగిద్దామని డిపార్ట్‌మెంట్‌లో ఒప్పుకున్నారు. ల్యాబ్‌లో 70 విండోస్ పీసీలు, 16 జీబీ ర్యామ్ ఉన్న పాత సర్వర్ ఒకటి ఖాళీగా ఉన్నాయి.

రిపాజిటరీలు (గిట్ చరిత్రతో సహా ఉండే ప్రాజెక్టు ఫోల్డర్లు) ఎలా పంచాలి, టెస్టులు ఎక్కడ నడపాలి, జట్టులో ఎవరెంత చేశారో ఎలా తేల్చాలి? ఈ మూడూ కావాలి. వచ్చే వారం ల్యాబ్‌లో పెట్టుకోగలిగేలా చెప్పండి.

సీతమ్మధార_బిల్డ్:
మేడమ్, ముందు గిట్‌హబ్‌లో (గిట్ రిపాజిటరీల్ని ఆన్‌లైన్‌లో ఉంచే సైటు) కాలేజీ పేరు మీద ఒక ఆర్గనైజేషన్ (ఉమ్మడి ఖాతా) పెట్టండి. అధ్యాపకులుగా గిట్‌హబ్ ఎడ్యుకేషన్‌కి దరఖాస్తు చేస్తే టీమ్ ప్లాన్ ఉచితంగా ఇస్తారు. ఆమోదం రావడానికి కాలేజీ మెయిల్ ఐడీ, గుర్తింపు కార్డు సిద్ధంగా ఉంచుకోండి. ఆ ప్లాన్ ఎందుకంటే, ఉచిత ప్లాన్‌లో ప్రైవేట్ రిపాజిటరీలకి బ్రాంచ్ ప్రొటెక్షన్ (మెయిన్ లాంటి బ్రాంచిని, అంటే కోడు చరిత్రలో ఒక పాయని, ఇష్టమొచ్చినట్టు మార్చకుండా కాపాడే నియమం) ఉండదు. అది లేకపోతే ఫోర్స్ పుష్ (పుష్ అంటే మన మార్పుల్ని గిట్‌హబ్‌కి పంపడం, ఇది పాతదాని మీద బలవంతంగా రాసేది) కొట్టి చరిత్ర అంతా చెరిపేయొచ్చు.

ఒక్కో ఎక్సర్‌సైజుకి ఒక టెంప్లేట్ రిపాజిటరీ తయారు చేయండి. అందులో మేవెన్ (జావా బిల్డ్ టూల్) సెట్టింగులుండే పామ్ ఫైలు, గిట్ఇగ్నోర్ (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా), గిట్ఆట్రిబ్యూట్స్ (ఏ ఫైలుని గిట్ ఎలా చూడాలో చెప్పేది), ఖాళీ మెథడ్లున్న క్లాసులు, నాలుగైదు బహిరంగ టెస్టులు ఉండాలి. రోల్ నంబరు, గిట్‌హబ్ యూజర్‌నేమ్ రెండు కాలమ్‌లుగా సీఎస్‌వీ ఫైల్లో పెట్టుకుని, గిట్‌హబ్ కమాండ్‌లైన్ టూల్‌తో చిన్న లూప్ రాస్తే టెంప్లేట్ నుంచి ఒక్కొక్కరికీ ప్రైవేట్ రిపాజిటరీ తయారవుతుంది. పేరు "ల్యాబ్03-రోల్‌నంబరు" అన్నట్టు ఒకే పద్ధతిలో ఉండాలి, తర్వాత స్క్రిప్టులన్నీ ఆ పేరు మీదే ఆధారపడతాయి.

విద్యార్థికి రైట్ అనుమతి చాలు. అడ్మిన్ ఇస్తే రిపాజిటరీని పబ్లిక్ చేసేయగలరు, తీసేయగలరు కూడా. ఆహ్వానం 7 రోజుల్లో కాలం చెల్లుతుంది కాబట్టి ల్యాబ్ గంటలోనే అందరిచేతా ఒప్పుకునేలా చేయించండి. ఇంకో చిక్కు: కొత్తగా పెట్టిన ఉచిత ఆర్గనైజేషన్‌లోకి 24 గంటల్లో 50 మందినే సభ్యులుగా పిలవగలం. 198 మందినీ ఒకే పూట చేర్చేద్దామని కూర్చుంటే మధ్యలో ఆగిపోతుంది.

గాజువాక_నెట్‌వర్క్:
పై పోస్టులో ఉన్నదంతా ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లకి ఉంటే బాగానే నడుస్తుంది. అందరూ వాడే ల్యాబ్ పీసీల సంగతి వేరు. మొదటి వారం వచ్చే గొడవలు ఇవే, ముందే సర్దుకోండి.

అన్నిటికంటే పెద్దది, ఉదయం బ్యాచ్ విద్యార్థి లాగిన్ అయితే ఆ టోకెన్ (పాస్‌వర్డ్ బదులు వాడే రహస్య కోడు) విండోస్ క్రెడెన్షియల్ మేనేజర్‌లో ఉండిపోతుంది. మధ్యాహ్నం అదే కుర్చీలో కూర్చున్నవాళ్లు పుష్ చేస్తే "అనుమతి లేదు, 403" అని వస్తుంది, లేదా జట్టు రిపాజిటరీ అయితే ఇంకొకరి పేరు మీద వెళ్లిపోతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ క్రెడెన్షియల్స్ కింద గిట్‌హబ్ ఎంట్రీ తీసేస్తే అప్పటికి తీరుతుంది. శాశ్వతంగా తీరాలంటే సిస్టమ్ స్థాయిలో క్రెడెన్షియల్ హెల్పర్‌ని ఖాళీ చేసి, లాగాఫ్ స్క్రిప్టులో హోమ్ ఫోల్డర్‌లోని గిట్‌కన్ఫిగ్ ఫైలు కూడా చెరిపేయండి. సిస్టమ్ కన్ఫిగ్‌లో "యూజర్ యూజ్‌కన్ఫిగ్‌ఓన్లీ" ట్రూ పెడితే, పేరు, మెయిల్ ఇవ్వకుండా కమిట్ (మార్పుల్ని చరిత్రలో నమోదు) చేయబోతే గిట్ ఒప్పుకోదు. లేకపోతే మెషీన్ పేరు చూసి తనంతట తనే ఒకటి ఊహించుకుంటుంది. అప్పుడు సగం కమిట్లు "ల్యాబ్‌పీసీ-32" పేరు మీద ఉంటాయి.

పాస్‌వర్డ్‌తో పుష్ 2021 ఆగస్టు 13 నుంచీ పనిచేయదు. పర్సనల్ యాక్సెస్ టోకెన్ కావాలి, లేదా ఎస్ఎస్‌హెచ్ కీ (సురక్షిత లాగిన్‌కి వాడే కీ ఫైలు). కాలేజీ ఫైర్‌వాల్‌లో పోర్టు 22 మూసి ఉంటే, గిట్‌హబ్ పోర్టు 443 మీద కూడా ఎస్ఎస్‌హెచ్ ఇస్తుంది. హోస్టు పేరు ముందు ఎస్ఎస్‌హెచ్ చేర్చి, ఆ పోర్టు నంబరు కన్ఫిగ్‌లో రాసుకోవాలి.

ఫైర్‌వాల్ హెచ్‌టీటీపీఎస్‌ని విప్పి చూసే రకం అయితే సర్టిఫికెట్ ఎర్రర్ వస్తుంది. వెంటనే ఎవరో ఒకరు ఎస్ఎస్ఎల్ వెరిఫై ఆపేయమని సలహా ఇస్తారు, వినకండి. గిట్‌లో ఎస్ఎస్ఎల్ బ్యాకెండ్‌ని "ఎస్‌చానెల్" అని మారిస్తే విండోస్ సర్టిఫికెట్ స్టోర్‌నే వాడుకుంటుంది. ఫైర్‌వాల్ రూట్ సర్టిఫికెట్ ఎలాగూ అందులో వేసి ఉంటారు.

అలాంటి ఎర్రరే ఒకటి రెండు పీసీల్లో మాత్రమే వస్తే గడియారం చూడండి. సీమాస్ బ్యాటరీ (పీసీ ఆపి ఉన్నా గడియారాన్ని నడిపేది) అయిపోయిన పీసీ కరెంటు పోయి వచ్చినప్పుడల్లా పాత సంవత్సరానికి వెళ్లిపోతుంది. అప్పుడు సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదని బ్రౌజరూ గిట్టూ రెండూ మొరాయిస్తాయి. నాణెం ఆకారంలో ఉండే సీఆర్2032 రకం బ్యాటరీ మారిస్తే సరి.

రుషికొండ_టెస్టర్:
టెస్టుల గురించి. జేయూనిట్ 5 (జావా టెస్టుల లైబ్రరీ) వాడతారనుకుని చెబుతున్నాను.

మొదటి నియమం: లెక్క చేసే కోడు మెథడ్‌లో ఉండాలి, ప్రింట్ చేసేది మెయిన్‌లో. టెస్టు మెథడ్‌నే పిలవాలి. స్క్రీన్ మీద వచ్చిన అక్షరాల్ని పోల్చే టెస్టు పెట్టారంటే "ఎంటర్ ఎ నంబర్:" అని ప్రాంప్ట్ రాసినవాళ్లందరూ ఫెయిల్. చివర ఖాళీ లైను ఎక్కువైనా ఫెయిల్. విండోస్‌లో తయారుచేసిన ఎక్స్‌పెక్టెడ్ ఫైల్లో లైను చివర సీఆర్ఎల్ఎఫ్ (లైను ముగింపుకి కనిపించని రెండు అక్షరాలు) ఉండి, లినక్స్‌లో ప్రోగ్రామ్ ఎల్ఎఫ్ ఒక్కటే ఇస్తే కంటికి రెండూ ఒకేలా కనిపిస్తూనే ఫెయిల్. గిట్ఆట్రిబ్యూట్స్‌లో టెక్స్ట్ ఫైళ్లన్నిటికీ ఈఓఎల్ ఎల్ఎఫ్ అని ఒక్క లైను పెడితే ఈ చివరిది రాదు.

క్లాసుల్ని ఖాళీగా కాకుండా మెథడ్ సిగ్నేచర్లతో ఇవ్వండి, లోపల "అన్‌సపోర్టెడ్ ఆపరేషన్ ఎక్సెప్షన్" విసిరేలా. ఎందుకంటే అయిదు ప్రశ్నల్లో ఒక మెథడ్ లేకపోయినా టెస్టు ఫోల్డరంతా కంపైల్ అవదు. నాలుగు చేసినవాళ్లకీ సున్నా వస్తుంది. విద్యార్థి మెథడ్ పేరు మార్చినా అదే ఫలితం.

టైమౌట్ తప్పనిసరి. జేయూనిట్‌లో రెండున్నాయి: అసర్ట్‌టైమౌట్ అనేది మెథడ్ పూర్తయ్యేదాకా ఆగి, ఆ తర్వాత ఆలస్యమైందని చెబుతుంది. అనంత లూప్ పూర్తవదు కదా, టెస్టూ అక్కడే కూర్చుంటుంది. కావలసింది అసర్ట్‌టైమౌట్‌ప్రీఎంప్టివ్‌లీ. అది వేరే థ్రెడ్‌లో నడిపి, 2 సెకన్లు దాటగానే వదిలేసి ముందుకెళ్తుంది. అయితే ఆ థ్రెడ్ వెనక తిరుగుతూనే ఉండొచ్చు కాబట్టి బయట మొత్తం జాబ్‌కి కూడా 5 నిమిషాల పరిమితి పెట్టండి. గిట్‌హబ్ యాక్షన్స్‌లో (పుష్ రాగానే గిట్‌హబ్ సర్వర్ల మీద టెస్టులు నడిపే సేవ) మనం చెప్పకపోతే డిఫాల్ట్ 360 నిమిషాలు.

ఇంకో రెండు జావా గుంటలు. విద్యార్థి కోడులో సిస్టమ్ ఎగ్జిట్ ఉంటే మొత్తం జేవీఎం (జావా ప్రోగ్రాముల్ని నడిపే ఇంజిన్) పడిపోతుంది, రిపోర్టే రాదు, మేవెన్ "ఫోర్క్‌డ్ వీఎం గుడ్‌బై చెప్పకుండా పోయింది" అని వింత మెసేజ్ ఇస్తుంది. రెండోది, స్కానర్‌ని స్టాటిక్‌గా పెట్టడం. టెస్టు ప్రతిసారీ సిస్టమ్ ఇన్ మారుస్తుంది, కానీ స్టాటిక్ స్కానర్ క్లాసు లోడ్ అయినప్పుడు పట్టుకున్న పాత స్ట్రీమ్‌నే చదువుతుంది. మొదటి టెస్టు పాస్, మిగతావన్నీ "నో సచ్ ఎలిమెంట్". ఒక్కొక్క టెస్టుగా నడిపితే అన్నీ పాస్. విద్యార్థి తలకొట్టుకుంటాడు, మనమూ కొట్టుకుంటాం.

డబుల్ విలువల్ని డెల్టా (ఎంత తేడాని ఒప్పుకోవచ్చో చెప్పే విలువ) లేకుండా పోల్చకండి. వడ్డీ లెక్కలకి 0.001 చాలు.

భీమిలి_ఐదో_సెమ్:
సర్, నేను స్టూడెంట్‌ని, మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నా ల్యాప్‌టాప్‌లో అన్ని టెస్టులూ పాస్ అవుతున్నాయి. పుష్ చేస్తే గిట్‌హబ్‌లో "క్లాస్ స్టూడెంట్ ఈజ్ పబ్లిక్, షుడ్ బి డిక్లేర్డ్ ఇన్ ఎ ఫైల్" అని ఎర్రర్. ఫైలు పేరు సరిగ్గానే ఉంది. ఒకసారి మార్చాను కూడా.

రుషికొండ_టెస్టర్:
ఆ "ఒకసారి మార్చాను" దగ్గరే ఉంది తమ్ముడూ. ముందు చిన్న అక్షరంతో స్టూడెంట్ ఫైలు పెట్టి కమిట్ చేసి, తర్వాత పెద్ద అక్షరానికి మార్చి ఉంటావు. విండోస్‌కి రెండూ ఒకటే, గిట్ కూడా విండోస్‌లో ఆ మార్పుని పట్టించుకోదు. గిట్‌హబ్‌లో జాబ్ నడిచేది లినక్స్ మీద, అక్కడ రెండూ వేరు. బ్రౌజర్‌లో నీ రిపాజిటరీ తెరిచి చూడు, చిన్న అక్షరంతోనే కనిపిస్తుంది. "గిట్ ఎంవీ"తో ముందు వేరే పేరుకి, అక్కణ్నించి సరైన పేరుకి, రెండు అంచెల్లో మార్చి కమిట్ చెయ్యి.

అలాగే ఫైలు చదివే చోట సి డ్రైవ్, యూజర్స్ అంటూ పూర్తి పాత్ రాసి ఉంటే తీసెయ్. వెనక్కి వాలిన గీతలు కూడా. ముందుకి వాలిన గీత విండోస్‌లోనూ పనిచేస్తుంది.

భీమిలి_ఐదో_సెమ్:
అదే సర్. చిన్న అక్షరంతోనే ఉంది. రెండు అంచెల్లో మారిస్తే పాస్ అయింది. థాంక్స్ సర్.

సింహాచలం_సర్వర్:
టెస్టులు ఎక్కడ నడపాలన్నదానికి లెక్క వేద్దాం. యాక్షన్స్‌లో ప్రతి జాబ్ సమయాన్నీ పై నిమిషానికి సర్దుతారు. 35 సెకన్ల జాబ్ అయినా ఒక నిమిషమే. 198 మంది వారానికి సగటున 5 సార్లు పుష్ చేస్తే 990 నిమిషాలు. నెలకి దాదాపు 4,000. ప్రైవేట్ రిపాజిటరీలకి ఉచిత ప్లాన్‌లో నెలకి 2,000, టీమ్ ప్లాన్‌లో 3,000. అంటే మూడో వారానికే చేతులెత్తేస్తుంది. వర్క్‌ఫ్లోలో (యాక్షన్స్ ఏం నడపాలో రాసిన ఫైలు) కన్‌కరెన్సీ పెట్టి, కొత్త పుష్ వస్తే పాతది రద్దయ్యేలా చేయండి. రీడ్‌మీ ఒక్కటే మారితే నడవకుండా పాత్ ఫిల్టర్ పెట్టండి. ఇవి చేసినా గడువు వారం గట్టెక్కడం కష్టమే.

నా ఓటు ఆ పాత సర్వర్‌కి. బహిరంగ టెస్టులు విద్యార్థి తన పీసీలోనే నడుపుకోవాలి, మార్కులు వేసే టెస్టులు మాత్రం మీ సర్వర్‌లో, రాత్రికి ఒకసారి. ఒక్కో రిపాజిటరీకి 40 సెకన్లు పడితే 198కి 132 నిమిషాలు. నాలుగేసి సమాంతరంగా నడిపితే 33 నిమిషాలు. పొద్దున్నకి ఫలితాల ఫైలు సిద్ధం.

విద్యార్థి కోడు అంటే ఎవరో తెలియని కోడే, డాకర్ కంటైనర్ (మిగతా సర్వర్ నుంచి వేరుచేసిన పెట్టె లాంటిది) బయట నడపకండి. నెట్‌వర్క్ నన్ (నెట్ లేకుండా), మెమరీ 512 ఎంబీ, సీపీయూ 1, పిడ్స్ లిమిట్ (ప్రాసెస్‌లు, థ్రెడ్ల గరిష్ఠ సంఖ్య) 128, రూట్ కాని యూజర్. పిడ్స్ లిమిట్ లేకపోతే థ్రెడ్లు పుట్టించే లూప్ ఒక్కటి సర్వర్‌నంతా పడుకోబెడుతుంది. కానీ జేవీఎం కూడా చాలా థ్రెడ్లు వాడుతుంది, కాబట్టి 20, 30 అని మరీ బిగించకండి, జావానే మొదలవదు. నెట్‌వర్క్ కట్ చేశాక మేవెన్‌కి డిపెండెన్సీలు దొరకవు. ఇమేజ్ తయారుచేసేటప్పుడే ఒకసారి టెంప్లేట్ ప్రాజెక్టుని టెస్టులతో సహా బిల్డ్ చేసి ఆ లైబ్రరీలన్నీ లోపల ఉంచి, నడిపేటప్పుడు ఆఫ్‌లైన్ ఆప్షన్ ఇవ్వండి.

మీ కాలేజీలో మూడిల్ (ఆన్‌లైన్ కోర్సుల సాఫ్ట్‌వేర్) ఉంటే ఇదంతా చేతితో కట్టక్కర్లేదు. కోడ్‌రన్నర్ ప్లగిన్, దాని వెనక కోడు నడిపే జోబ్ సర్వర్. లేదా వీపీఎల్, దాని జైల్ సర్వర్. చిన్న వారపు ఎక్సర్‌సైజులకి అవి చక్కగా సరిపోతాయి. మినీ ప్రాజెక్టుకి మాత్రం గిట్ కావాల్సిందే.

సీతమ్మధార_బిల్డ్:
పుష్ చేసిన నిమిషంలో ఆకుపచ్చ టిక్కో ఎర్ర గుర్తో కనిపించడం నేర్చుకునేవాళ్లకి చాలా విలువైనది. రాత్రికి ఒకసారి అంటే ఆ ఊపు పోతుంది. బహిరంగ టెస్టులు యాక్షన్స్‌లో ఉంచి, మార్కుల టెస్టులు సర్వర్‌లో నడపండి. నిమిషాలు అయిపోతే అయిపోనీండి, నెల మారితే మళ్లీ వస్తాయి.

సింహాచలం_సర్వర్:
గడువు ముందు రోజు అయిపోతే ఏటి చేస్తారండీ? 198 మెయిళ్లు మేడమ్‌కే వస్తాయి.

మధురవాడ_జావా_ల్యాబ్:
మార్కుల టెస్టులు విద్యార్థులకి కనిపించకూడదు కదా. వాటిని వేరే ప్రైవేట్ రిపాజిటరీలో పెట్టి, వర్క్‌ఫ్లో నడిచేటప్పుడు సీక్రెట్ కీతో తెచ్చుకునేలా చేస్తే కుదరదా?

రుషికొండ_టెస్టర్:
వద్దండీ. రైట్ అనుమతి ఉన్న విద్యార్థి వర్క్‌ఫ్లో ఫైలుని కూడా మార్చగలడు. లాగ్‌లో సీక్రెట్‌ని నక్షత్ర గుర్తులుగా దాస్తారు గానీ, దాన్ని బేస్64లోకి (అక్షరాల్ని వేరే రూపంలో రాసే పద్ధతి) మార్చి ప్రింట్ చేస్తే దాపరికం పోతుంది. అంత కష్టం కూడా అక్కర్లేదు, తెచ్చుకున్న టెస్టు ఫైళ్లని క్యాట్ కమాండ్‌తో ప్రింట్ చేస్తే చాలు. దాచిన టెస్టులు విద్యార్థి రిపాజిటరీకి వెళ్లకూడదు, విద్యార్థి కోడే మీ దగ్గరికి రావాలి. సర్వర్‌లో క్లోన్ చేసి (కాపీ దించుకుని), అందులోని టెస్టు ఫోల్డర్, పామ్ ఫైలు రెండూ చెరిపి, మీవి పెట్టి, అప్పుడు నడపండి. పామ్ మర్చిపోతే టెస్టులు దాటవేసే ఒక్క లైను చాలు, అందరూ పాస్.

దాచిన టెస్టులు మరీ గుడ్డిగా ఉండకూడదు. "ఫెయిల్" అన్న మాట ఒక్కటే ఇస్తే ఎవరూ ఏమీ నేర్చుకోరు. ఇన్‌పుట్ చెప్పకండి, టెస్టు పేరు మాత్రం వివరంగా పెట్టండి: "ఖాళీ లిస్టు ఇచ్చినప్పుడు", "ఒకే మార్కులు ఇద్దరికి వచ్చినప్పుడు", "ఋణ సంఖ్య ఇచ్చినప్పుడు". ఇన్‌పుట్ 5 అయితే 120 అని నేరుగా రాసేసే తెలివి దీంతోనే ఆగుతుంది.

ఎంవీపీ_కాలనీ_సి:
మొదటి సంవత్సరం సి ల్యాబ్‌కీ ఇదే కుదురుతుందా? మా దగ్గర ఇంకా టర్బో సి (పాత డాస్ కాలపు కంపైలర్).

సింహాచలం_సర్వర్:
టర్బో సి వదిలేస్తేనే కుదురుతుంది. కోనియో హెడర్, క్లియర్‌స్క్రీన్, గెట్‌సీహెచ్ ఏవీ జీసీసీ (ఉచిత సి కంపైలర్) ఉన్న లినక్స్‌లో కంపైల్ అవవు. పైగా టర్బో సిలో ఇంట్ 16 బిట్లు, గరిష్ఠం 32,767. 8 ఫ్యాక్టోరియల్ 40,320 రావాల్సింది మైనస్ 25,216 వస్తుంది. విద్యార్థి రికార్డులో అదే రాసుకుంటాడు. జీసీసీకి మారి, వార్నింగులన్నీ ఆన్ చేసి, అడ్రెస్ శానిటైజర్, అన్‌డిఫైన్డ్ శానిటైజర్ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు తప్పుల్ని పట్టే తనిఖీలు) కలిపి కంపైల్ చేయండి. అర్రే హద్దు దాటిన లైను నంబరుతో సహా చూపిస్తుంది.

సీతమ్మధార_బిల్డ్:
జట్టు ప్రాజెక్టు సంగతి ఎవరూ ఎత్తలేదు, అసలు కష్టం అక్కడే ఉంది.

కమిట్ల లెక్క చూసి మార్కులు వేయకండి. షార్ట్‌లాగ్ కమాండ్‌తో ఎవరెన్ని చేశారో క్షణంలో వస్తుంది, కానీ కమిట్లకి మార్కులని తెలిస్తే స్పేసులు మార్చి కూడా కమిట్ చేస్తారు. స్క్వాష్ మెర్జ్ వాడితే ఒక బ్రాంచిలో ముగ్గురు పనిచేసినా మెయిన్ బ్రాంచిలో ఒకే కమిట్‌గా తేలుతుంది. అందుకని ప్రాజెక్టుకి మామూలు మెర్జ్ కమిట్ ఉంచి, స్క్వాష్ సెట్టింగ్‌లో ఆపేయండి. ఒకే పీసీ దగ్గర ఇద్దరు కూర్చుని రాస్తే కమిట్ మెసేజ్ చివర కో-ఆథర్డ్-బై లైను రాయమనండి. ఒకరే రెండు మెయిల్ ఐడీలతో కనిపిస్తుంటే మెయిల్‌మ్యాప్ ఫైలు పెడితే కలిసిపోతాయి.

పని విడదీయడం ఇష్యూలతో చేయించండి. ఒక ఇష్యూ అంటే ఒకరు రెండు ల్యాబ్ గంటల్లో పూర్తి చేయగలిగేంత. "లాగిన్ మాడ్యూల్" అని రాస్తే పెద్దది. "తప్పు పాస్‌వర్డ్ మూడుసార్లు కొడితే ఆపాలి" అంటే సరిపోయింది. మెయిన్‌కి నేరుగా పుష్ ఆపి, పుల్ రిక్వెస్టు (నా మార్పుల్ని మెయిన్‌లో కలపమని అడగడం), ఇంకొక సభ్యుడి ఆమోదం తప్పనిసరి చేయండి. "ఎల్‌జీటీఎం" (నాకు బాగానే ఉంది) అని గుడ్డిగా ఆమోదించే రోగం వస్తుంది. దానికి మందు, వైవాలో ఆమోదించినవాణ్నే ఆ కోడు గురించి అడగడం.

సగం ప్రాజెక్టులు పడేది డేటాబేస్ దగ్గర. కోడు రిపాజిటరీలో ఉంటుంది, టేబుళ్లు మాత్రం ఒకరి ల్యాప్‌టాప్‌లోని మైఎస్‌క్యూఎల్‌లో ఉంటాయి. స్కీమా ఫైలు, నమూనా డేటా ఫైలు రిపాజిటరీలో లేకపోతే తీసుకోనని మొదటి రోజే చెప్పండి. సమర్పణకి వారం ముందు ప్రతి జట్టూ ఇంకో జట్టు రిపాజిటరీని కొత్త పీసీలో క్లోన్ చేసి, రీడ్‌మీ ఒక్కటే చూసి 15 నిమిషాల్లో నడపాలి. నడవకపోతే అది ఇష్యూగా నమోదవుతుంది.

పాస్‌వర్డ్‌లున్న ఎన్వ్ ఫైలు పొరపాటున కమిట్ అయితే, తర్వాతి కమిట్‌లో తీసేసినా చరిత్రలో ఉండిపోతుంది. ముందు ఆ పాస్‌వర్డ్ మార్చాలి, చరిత్ర శుభ్రం చేయడం ఆ తర్వాత. ఇంకో మాట: 100 ఎంబీ దాటిన ఫైలు ఏ కమిట్‌లో ఉన్నా గిట్‌హబ్ పుష్‌ని తిప్పికొడుతుంది. వీడియో డెమోలు డ్రైవ్‌లో పెట్టి లింకు ఇవ్వమనండి.

మధురవాడ_జావా_ల్యాబ్:
చాలా ఉపయోగం అండీ. నకళ్ల సంగతి? ఇప్పుడు ఏఐ చేత రాయించేవాళ్లు కూడా ఉన్నారు.

రుషికొండ_టెస్టర్:
ఒకరినుంచి ఒకరు తీసిన నకళ్లకి జేప్లాగ్. జర్మనీలోని కార్ల్స్‌రూ వాళ్లది, ఓపెన్ సోర్స్, మీ సర్వర్‌లోనే నడుస్తుంది. స్టాన్‌ఫర్డ్ వాళ్ల మాస్ కూడా మంచిదే, కానీ కోడు వాళ్ల సర్వర్‌కి పంపాలి. రోల్ నంబర్లు తీసేసి పంపండి. రెండూ వేరియబుల్ పేర్లు మార్చినా, కామెంట్లు చేర్చినా మోసపోవు, నిర్మాణం చూస్తాయి. ఏది వాడినా టెంప్లేట్‌ని బేస్ కోడుగా ఇవ్వడం మర్చిపోవద్దు. ఇవ్వకపోతే మీరిచ్చిన కోడే అందరిలో ఉంటుంది కాబట్టి అందరూ దొంగల్లా కనిపిస్తారు. గెట్టర్లు, సెట్టర్లు నిండిన 40 లైన్ల క్లాసులో 80 శాతం పోలిక వచ్చినా దానికి అర్థం లేదు. శాతాన్ని శిక్షకి వాడకండి, ఏ ఇద్దరి కోడుని పక్కపక్కన పెట్టి చదవాలో చెప్పడానికి మాత్రమే వాడండి.

ఏఐ రాసిందా లేదా అని చెప్పే పరికరాల్ని నేను నమ్మను, నిర్దోషి ఇరుక్కుంటాడు. చరిత్ర చూడండి: 600 లైన్లు ఒకే కమిట్‌లో, ముందు వెనక ఏమీ లేకుండా వచ్చాయంటే అడగాల్సిన ప్రశ్న ఉంది. వైవాలో వాళ్ల కోడే తెరిచి చిన్న మార్పు చేయమనండి, "ఫలితాన్ని పేరు క్రమంలో కాకుండా మార్కుల క్రమంలో చూపించు" అన్నంత. చేసి, టెస్టు నడిపి చూపించాలి. 50 జట్లకి 12 నిమిషాల చొప్పున 10 గంటలు, రెండు రోజులు పెట్టుకోండి. నా లెక్కలో యంత్రం ఇచ్చే మార్కులు 100కి 40 దాటకూడదు.

సింహాచలం_సర్వర్:
40 తక్కువ, వారపు ఎక్సర్‌సైజులకి 70 అయినా పర్లేదు. ప్రాజెక్టుకైతే 40తో ఏకీభవిస్తాను.

మధురవాడ_జావా_ల్యాబ్:
చివరి ప్రశ్న. గడువు రాత్రి 11:59 అన్నాం. కమిట్ తేదీ చూస్తే సరిపోతుందా?

గాజువాక_నెట్‌వర్క్:
సరిపోదు. కమిట్ తేదీ విద్యార్థి పీసీ గడియారం చెప్పేది. గడియారం వెనక్కి తిప్పొచ్చు, పైన చెప్పిన బ్యాటరీ లేని పీసీ అయితే దానంతటదే వెనక్కి తిరిగి ఉంటుంది.

మీ సర్వర్‌లో సరిగ్గా 11:59కి ఎల్ఎస్-రిమోట్ కమాండ్‌తో ప్రతి రిపాజిటరీ మెయిన్ బ్రాంచి ఏ కమిట్ మీద ఉందో ఆ హ్యాష్ (కమిట్ గుర్తింపు సంఖ్య) ఒక ఫైల్లో రాసుకోండి. కోడు దించుకోదు కాబట్టి త్వరగా అవుతుంది. క్లోన్లు తర్వాత తీరిగ్గా చేసి, ఆ హ్యాష్‌నే చెకౌట్ చేసి దిద్దండి. ఒక్కోదానికి 2 సెకన్లు పట్టినా 198కి ఆరున్నర నిమిషాలు, అంటే జాబితా చివరివాళ్లకి ఆ మేరకు ఎక్కువ సమయం దొరుకుతుంది. పదేసి సమాంతరంగా నడిపితే ఆ తేడా 40 సెకన్లకి తగ్గుతుంది. ఈ పని యాక్షన్స్ షెడ్యూల్‌తో చేద్దామనుకుంటే అక్కడ సమయం డిఫాల్ట్‌గా యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనక), 18:29 అని రాయాలి. రద్దీలో ఆలస్యంగా మొదలవడం కూడా ఉంది, అందుకే సొంత సర్వర్ క్రాన్ (చెప్పిన సమయానికి పని నడిపే టూల్) మేలు.

ప్రాజెక్టు గడువు అక్టోబరు, నవంబరుల్లో పెడితే తుఫాను రోజులకి ఒక మార్గం ముందే రాసి పెట్టుకోండి. కరెంటు లేకపోయినా ల్యాప్‌టాప్ ఛార్జింగ్ ఉన్నంతసేపు కమిట్లు చేసుకోవచ్చు, పుష్ మాత్రం నెట్ వచ్చాక. అలాంటప్పుడు క్రాన్‌లో తేదీ మార్చి ఎల్ఎస్-రిమోట్ మళ్లీ నడపండి. పాత హ్యాష్‌ల ఫైలు చెరపకుండా పక్కన ఉంచండి, ఎవరు ముందే పూర్తి చేశారో అందులో ఉంటుంది.